తల ముందు, కాళ్ళు తరవాత

డ్రాయింగు మాష్టారు పోయారు. మా కింది వాటాలో నాలాగే అద్దెకుండే మాష్టారు, రిటైరై చాలా ఏళ్ళయింది. మధ్యాహ్నం భోజనం చేసి లేస్తూ గుండె పట్టుకున్నారట. ఎదురు గోడౌను వాళ్ళు ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. సాయంత్రం వాళ్ళమ్మాయి నాకు ఫోన్ చేసి, "ఆంటీ, నాన్న ఇక లేరండీ" అంది. నేను "సరేనమ్మా" అన్నాను. చావు కబురు చెబితే ఎవరైనా సరే అంటారా? నేనన్నాను. ఫోను పెట్టేసి, చేస్తున్న పని పూర్తిచేసి, బస్సెక్కి ఇంటికొచ్చాను. గేటు తీసి లోపలికి అడుగు పెడుతూ, అలవాటుకొద్దీ, కింద ముగ్గు ఉందేమో తొక్కుతానేమోనని కాలు ఎత్తి పక్కకి వేశాను. అప్పుడు తెలిసింది నాకు, ఏం జరిగిందో.

మర్నాడు ఆయన్ని వాకిట్లో పడుకోబెట్టారు. ఎండగా ఉందని షామియానా కట్టారు. ఎండ ఎప్పుడొస్తుందా అని రోజూ మెట్టు మీద కాచుకుని కూర్చునే మనిషికి ఎండ తగలకుండా గుడ్డ కప్పారు. ఆ షామియానా పీకి అవతల పారెయ్యాలనిపించింది. అంతమంది చుట్టాల మధ్య పైవాటా మనిషి మాట ఎవరు వింటారు? ఊరుకున్నాను. మా సందులో ఆయన గీయని నీడ లేదు. గేటుది గీశారు, కరెంటు స్తంభానిది గీశారు, తోపుడు బండిది, తీగ మీద పావురాలది, నాది. ఆయన నీడ మాత్రం ఎవరూ గీయలేదు. అది ఎక్కడా మిగల్లేదు. ఆ సంగతి గుర్తొచ్చి, అందరూ ఏడుస్తున్నప్పుడు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.

మీలో ఎవరైనా పొద్దున పూట వన్ టౌన్‌లో మా సందువైపు వచ్చి ఉంటే ఆయన్ని చూసే ఉంటారు. పొడుగాటి మనిషి. ఎండకి తలమీద తువ్వాలు, మోచేతికి ముగ్గు బకెట్టు, ఎడమచెయ్యి మోకాలి మీద. నడుం వంచి కుడిచేత్తో ముగ్గు పోస్తూ ఉండేవారు. నిటారుగా ఉండగా చూసింది తక్కువే.

ఇదంతా మొదలైంది మాష్టారి భార్య పోయాక. ఆవిడ ముగ్గంటే మా సందులో పేరు. చీకటితోనే లేచి, నీళ్ళు చల్లి, చుక్కలు పెట్టి, తెల్లారేసరికి ముగ్గు ముగించి వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. ఆవిడ పోయి, మైల తీరి, శుభం కూడా అయ్యాక ఆ వాకిలి బోడిగా మిగిలిపోయింది. పనిమనిషి నీళ్ళు చల్లి ఊడ్చేది, అంతే. పక్కింటావిడ చూడలేక, "మా వాకిట్లోదాంతో పాటు మీదీ వేసేస్తాలెండి మాష్టారూ" అంది. ఆయన ఒప్పుకోలేదు.

"ఉద్యోగం అంతా పిల్లలకి బొమ్మలు నేర్పినవాణ్ణమ్మా. నా గుమ్మంలో ముగ్గు నేను వేసుకోలేనా?" అన్నారు.

వేసుకోలేకపోయారు. సుద్దముక్క వేరు, ముగ్గు వేరు. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్యనుంచి పిండి జారాలి. చెయ్యి ఆగితే కుప్ప పడుతుంది, తొందరపడితే గీత తెగుతుంది. మాష్టారు స్కేలు పెట్టి కొలిచి మరీ చుక్కలు పెట్టారు. చుక్కలు సిపాయిల్లా నిలబడ్డాయి. గీతల దగ్గరికి వచ్చేసరికి మొత్తం పాడైంది. "వాకిట్లో ఎవరో అట్లు పోసినట్టుంది కదండీ" అని పక్కింటావిడ నా చెవిలో అంది. నేనూ నవ్వాను. మగవాడు ముగ్గు వెయ్యడమేమిటని వేరే కారణంగా నవ్వినవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని ఆయన అసలు పట్టించుకోలేదు.

ఒకరోజు ఆ అట్లన్నీ కడిగేసి, ఏం చెయ్యాలో తోచక మెట్టు మీద కూర్చున్నారు. నేను ఆఫీసుకి దిగుతున్నాను. మా ఎదురుగా ఉన్నది రేకుల గోడౌను, బెల్లం దిమ్మలు నిలవచేసేది. దాని పైకప్పు దాటి ఎండ మా సందులోకి దిగేసరికి కాస్త పొద్దెక్కుతుంది. సరిగ్గా అప్పుడే దిగింది. మా గేటు నీడ తడినేల మీద పడింది. ఇనప కమ్మీలు, మధ్యలో వంకీలు, పైన ఈటె మొనలు, ఒక్కటీ తప్పిపోకుండా.

"అమ్మాయ్, ఇటు చూడు" అన్నారు మాష్టారు. "చుక్కలతో పని లేదు. గీతలు నేర్చుకునే పని అంతకన్నా లేదు. ఎవరో వేసి పెట్టి వెళ్ళారు."

ఆ నీడ వెంబడే ముగ్గు పోసుకుంటూ పోయారు. ఆయన ఈ కొస నుంచి ఆ కొసకి చేరేలోపు నీడ జరిగిపోయింది. ముందు వేసిన కమ్మీలు ఒకవైపు వాలాయి, తరవాత వేసినవి ఇంకోవైపు. గేటు ఎక్కడికో పరిగెడుతున్నట్టు వచ్చింది.

"వంకరొచ్చిందండీ" అన్నాను.

"వంకర కాదమ్మా. నేను వెయ్యడానికి ఎంతసేపు పట్టిందో అది కూడా అందులో పడింది" అన్నారు. ఆవిడ పోయాక ఆయన మొహంలో నేను చూసిన మొదటి సంతోషం అది.

అప్పట్నుంచి ఆయన ముగ్గు ఎండొచ్చాకే. నీడని గీయడానికి ఒక పద్ధతి ఉంటుందని నాకు ఆయన వల్లే తెలిసింది. నీడలో దూరంగా ఉన్న కొస గబగబా జరుగుతుంది, వస్తువుకి ఆనుకున్న కొస అంతగా కదలదు. అందుకని స్తంభాన్ని గీసినా మనిషిని గీసినా పై కొస నుంచి మొదలుపెట్టాలి. "తల ముందు, కాళ్ళు తరవాత. కాళ్ళెక్కడికీ పోవు" అనేవారు. అంచు గీసి, లోపల పలచగా నీలిమందు కలిపిన ముగ్గు చల్లేవారు. నీడ నల్లగా ఉంటుందని అందరూ అనుకుంటారు గానీ పొద్దుటి నీడ నీలంగా ఉంటుందని ఆయన వాదన. నేను వారం రోజులు పనిగట్టుకుని చూశాను. నిజమే.

ఆయన కూచిపూడి దగ్గర ఒక హైస్కూల్లో చాలాకాలం పనిచేశారు. డాన్సు నేర్చుకునే పిల్లలు క్లాసులో ఒక్క నిమిషం కుదురుగా కూర్చునేవారు కాదట. "కదిలేదాన్ని ఆగమని బతిమాలకూడదు అని అక్కడే బుద్ధొచ్చింది" అనేవారు. అయినా గోడౌనుకి బండి లాక్కొచ్చే ఆయన్ని మాత్రం బతిమాలేవారు. "ఒక్క క్షణం బండి అలా ఉంచు నాయనా." ఆయనా మంచివాడే, చెమట తుడుచుకుంటున్నట్టు నటిస్తూ కాసేపు ఆగేవాడు. తీరా బండి నీడ గీయడం అయ్యాక, ఆ బండినే దానిమీంచి లాక్కుపోవాల్సి వచ్చేది. సందు వెడల్పు అంతే మరి. మాష్టారు ఏమీ అనుకునేవారు కాదు. మిగిలింది మధ్యాహ్నానికల్లా చీమలు తినేసేవి, పిండి కలిపిన ముగ్గు కదా. "ఎదురుగా గోడౌను నిండా బెల్లం పెట్టుకుని నా ముగ్గు తింటున్నాయంటే నా పనిలో ఏదో రుచి ఉన్నట్టే" అనేవారు.

ఎవరో ఫొటో తీసి ఫోన్లలో తిప్పితే ఒక టీవీ విలేకరి కెమెరాతో సహా దిగాడు. ఆ పూట మబ్బు. "నీడేదండీ?" అన్నాడు. "నా జేబులో ఉంటుందా నాయనా? కాఫీ తాగి వెళ్ళు" అన్నారు. అతను మళ్ళీ రాలేదు. మబ్బు పట్టిన రోజుల్లో మాష్టారి సంగతి చూడలేకపోయేదాన్ని. కృష్ణకి వరదొచ్చింది, బ్యారేజీ గేట్లెత్తారు అని సందు సందంతా వెళ్ళి చూసొచ్చేది. ఆయన కదిలేవారు కాదు. మెట్టు మీద కూర్చుని ఆకాశం వంక చూస్తూ ఉండేవారు. నేను పైన పిట్టగోడ దగ్గర నిలబడి ఆయన వంక చూస్తూ ఉండేదాన్ని. మా ఇద్దరికీ వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. అమ్మ పోయినప్పట్నుంచి నేను పైన ఒక్కదాన్నే ఉంటున్నాను. పెళ్ళి సంగతి అడక్కండి, అది ఇక్కడ చెప్పేది కాదు.

నా నీడ గీసింది ఒక ఆదివారం. ఆదివారాలు నాకు గడవవు. కూర తరిగి, వండి, తిని, గిన్నె కడిగినా ఇంకా పదకొండే అవుతుంది. ఆ పొద్దున బియ్యం చేటతో కిందికి దిగితే, "అమ్మాయ్, అలా సందులో నిలబడు. ఎండకి వీపు పెట్టి" అన్నారు మాష్టారు. చేట మెట్టుమీద పెట్టి నిలబడ్డాను. ఆయన నా తలతో మొదలుపెట్టి మెల్లగా నా వైపు వచ్చారు. ఒకళ్ళు నన్ను అంత శ్రద్ధగా చూసి ఎన్నాళ్ళయిందో. చూసింది నన్ను కాదు, నా నీడనే అనుకోండి. అయినా నాకు ఏడుపొచ్చింది. కదిలితే పాడవుతుందని కళ్ళు కూడా తుడుచుకోలేదు.

చివరికి నా పాదాల చుట్టూ గీత తిప్పి, "ఇంక తప్పుకో" అన్నారు. తప్పుకున్నాను. నేను మాత్రం అక్కడే మిగిలాను, నీలంగా, చేతులు వేలాడేసుకుని.

ఆ తరవాత జరిగింది చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. అటుగా బండి మీద వెళ్తున్న కానిస్టేబుల్ ఒకాయన బ్రేకు వేసి దిగాడు. నేలమీద మనిషి ఆకారంలో గీత చూసేసరికి ఆయనకి ఇంకేం తోస్తుంది?

"యాక్సిడెంటు ఎప్పుడయిందండీ? బాడీని తీసేశారా?" అన్నాడు.

"బాడీ పైకెళ్ళి కూర తరుగుతోందండీ. పిలవమంటారా?" అన్నారు మాష్టారు.

కానిస్టేబుల్ నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు గానీ పక్కింటావిడకి నవ్వు రాలేదు. "బతికున్న మనిషికి చుట్టూ గీత గీస్తారటండీ? శుభమా అది?" అని వాకిట్లోకి వచ్చి గొడవపెట్టుకుంది. మాష్టారు ముగ్గు తీసుకుని నా నీడ చేతికి ఒక సంచీ తగిలించారు, అందులోంచి బయటికి రెండు మునక్కాడలు కూడా వేశారు. "ఇప్పుడు చూడమ్మా. చేతిలో సంచీ ఉన్నవాళ్ళని చచ్చారని ఎవరూ అనుకోరు. చచ్చినవాళ్ళు బజారుకి వెళ్ళరు కదా." ఆవిడ నోరు నొక్కుకుని లోపలికి వెళ్ళింది. అప్పట్నుంచి ఆయన గీసిన మనుషులందరి చేతుల్లో ఏదో ఒకటి ఉండేది. గొడుగో, బకెట్టో, క్యారేజీయో.

ఆ ఆదివారం సాయంత్రం కాఫీ ఇవ్వడానికి దిగితే, సగం చెరిగిపోయిన నా నీడ వంక చూస్తూ కూర్చుని ఉన్నారు.

"మా ఆవిడ బొమ్మ ఒకటే వేశానమ్మా, పెళ్ళైన కొత్తలో. ముక్కు బాలేదని నెల్రోజులు మాట్లాళ్ళేదు. నీడకైతే ముక్కు గొడవ లేదు. కానీ ఆవిడ నీడ నేనెప్పుడూ చూళ్ళేదు" అన్నారు.

"అదేంటి మాష్టారూ, రోజూ ఇక్కడే కదండీ ముగ్గేసింది?"

"చీకట్లో వేసేది కదమ్మా. ఈ వాకిట్లోకి ఎండొచ్చే వేళకి వంటింట్లో ఉండేది. నేను పేపరు చదువుకుంటూ ఉండేవాణ్ణి." కాఫీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టారు. "ఒక్కసారి బయటికి రమ్మని పిలిచినా బావుండేది."

అందుకే ఆయన నీడైనా గీసి ఉంచాలని నాకు పట్టుదల వచ్చింది. అడిగినప్పుడల్లా "నాదెందుకమ్మా, పొడుగు మనిషిని, ముగ్గు దండగ" అని తప్పించుకునేవారు. చివరికి ఒకసారి పోరి పోరి నిలబెట్టాను. నాకు ముగ్గు రాదు, ఆయనకి నిలబడటం రాదు. నేను తల దగ్గర ఉండగానే "అంచు సాగతీయకు" అని వంగారు. భుజం దగ్గరికి వచ్చేసరికి "పిండి ఎక్కువ పడుతోంది, వేళ్ళు దగ్గరికి పట్టు" అని మళ్ళీ వంగారు. ఆయన వంగినప్పుడల్లా నీడ నా చేతికింది నుంచి జారిపోయేది. కాసేపటికి అక్కడ ఉన్నది మనిషో ఒంటెయో తెలియలేదు. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

"పోనీ మీరే వేసుకోండి మాష్టారూ, ఎవరిది వాళ్ళు" అన్నాను ఉక్రోషంగా.

నవ్వు ఆపేశారు. "చూడకుండా ఉంటానా అమ్మా? ఎవరూ లేనప్పుడు చాలాసార్లు ప్రయత్నించాను. మనం వంగితే అదీ వంగుతుంది. నిలబడ్డ నీడని గీయాలంటే రెండో మనిషి కావాలి." ఆ ఒంటెని చీపురుతో ఊడ్చేస్తూ, "వదిలెయ్. నాది నాకూ రాదు, నీకూ రాదు" అన్నారు.

రెండో మనిషి. ఆ మాట పైకి తీసుకెళ్ళి చాలా రోజులు దగ్గర పెట్టుకున్నాను. మళ్ళీ ప్రయత్నిద్దాం, చలికాలం ఎండ మెత్తగా ఉంటుంది, అప్పుడైతే ఆయన కాస్త ఎక్కువసేపు నిలబడతారు అనుకున్నాను. చలికాలం రాకముందే షామియానా వచ్చింది.

మైల రోజుల్లో వాకిట్లో ముగ్గు వెయ్యరు కదా. ఆ రోజుల్లోనూ ఎండ తన వేళకి తను వచ్చింది. గేటు నీడ పడింది, జరిగింది, పోయింది. నేను దాన్ని తొక్కకుండా దాటి ఆఫీసుకి వెళ్ళేదాన్ని. నన్ను అమ్మాయ్ అని పిలిచే మనిషి ఇంక ఈ భూమ్మీద లేరని దాటిన ప్రతిసారీ గుర్తొచ్చేది. యాభైకి దగ్గరపడ్డ దాన్ని, నాకెందుకు ఆ పిలుపు? కావాలి. ఏం చెయ్యను, కావాలి.

పెద్దకర్మ అయింది. శుభం రోజు పొద్దున్నే మాష్టారి అమ్మాయి పైకి వచ్చింది. మైలవరంలో ఉంటుంది, తనూ టీచరే. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆంటీ, ఇవాళ వాకిట్లో ముగ్గెయ్యాలటండీ. నాకు రాదు. అమ్మ నేర్పుతానంటే నేర్చుకోలేదు. మీరేస్తారా?" అంది. కాస్త ఆగి, "రేపు సామాన్లు తీసుకెళ్ళిపోతాం. ఇంటి ఓనరుగారు ఇక్కడ టైల్స్ వేయిస్తారట" అని కూడా చెప్పింది.

"నాకూ రాదమ్మా, మీ నాన్నగారి ముగ్గు తప్ప. దానికి ఎండ రావాలి" అన్నాను.

"అయితే ఎండొచ్చాకే వెయ్యండి" అంది.

నీళ్ళు చల్లి, ఆయన ముగ్గు బకెట్టు మోచేతికి తగిలించుకుని, సందులో నిలబడి ఎదురుచూశాను. గేటు వేద్దామనుకున్నాను, ఆయన మొదలుపెట్టింది దానితోనే కదా అని. ఎండ రేకులు దాటి దిగింది. తీరా చూస్తే వచ్చేపోయే చుట్టాల కోసం గేటు బార్లా తెరిచి గోడకి చేరవేసి ఉంది. దాని నీడ గోడకి అంటుకుపోయింది. గుమ్మం ముందు తడినేల మీద పడ్డది నా నీడ ఒక్కటే, చేతిలో బకెట్టుతో. నిలబెట్టి నన్ను గీసే మనిషి లేరు. ఎండకి తల మాడుతుంటే కొంగు తలమీదికి లాక్కున్నాను. ఏదో ఒక గీత గీసి లోపలికి వెళ్ళిపోదామని నడుం వంచాను. నడుం పట్టేసి ఎడమచెయ్యి మోకాలి మీద ఆనించాను. నీడా వంగింది. ఆయన అన్నట్టే అయింది అనుకుంటూ లేవబోయి, ఆగిపోయాను.

ఆ వంపు నాకు తెలుసు. తలమీద గుడ్డ, మోకాలి మీద చెయ్యి, మోచేతికి బకెట్టు. మేడమెట్లు దిగుతూ ఇన్నేళ్ళూ నేను రోజూ చూసిన వంపు అది. నేల మీద ఉన్నది మాష్టారు.

నిలబడ్డ నీడకే రెండో మనిషి కావాలి మాష్టారూ. మిమ్మల్ని నిలబెట్టి గీయాలని చూశాను, అది నా తెలివితక్కువ.

కదలకుండా, ఊపిరి బిగబట్టి తల ముందు వేశాను. తరవాత వీపు వంపు, మోకాలి మీద చెయ్యి, బకెట్టు. గీసే చెయ్యి తన నీడని గీయనివ్వదు కదా, కుడిచెయ్యి గుర్తున్నట్టు వేశాను, వేళ్ళ సందునుంచి ముగ్గు రాలుతున్నట్టు. గీత అక్కడక్కడా కుప్ప పడింది. పడితే పడనీ అనుకున్నాను. కాళ్ళు ఆఖర్న వేశాను, అవి ఎక్కడికీ పోలేదు, నా కాళ్ళ దగ్గరే ఉన్నాయి.

బండి లాక్కొచ్చే ఆయన వచ్చాడు. బెల్లం దిమ్మల బరువు మీద ఉన్నాడు. నేలవంక చూసి బండి ఆపాడు.

"మాష్టారేనాండీ?"

"అవునండీ" అన్నాను.

ఆయన బండి వెనక్కి నెట్టి, అటుపక్క మురిక్కాలవ గట్టుకి ఒక చక్రం ఎక్కించి, ముగ్గు మీదికి రాకుండా చుట్టూ తిప్పి గోడౌనులోకి లాక్కుపోయాడు. ఎవరొచ్చారా అని బయటికి వచ్చిన మాష్టారి అమ్మాయి గుమ్మంలోనే నిలబడిపోయింది. కాసేపటికి మెట్టు మీద, ఆయన కూర్చునే చోటే, కూర్చుని మోకాళ్ళలో మొహం పెట్టుకుంది.

నేను నడుం పట్టుకుని మెల్లగా లేచాను. నాతోపాటే నా నీడా లేచి, పొడుగ్గా సాగి, ఆ పిల్ల కూర్చున్న మెట్టు దాకా పోయి నిలబడింది. వంగినాయన వంగినట్టే ఉన్నారు.